మన వంటింట్లోనే మెదడుకు మేలు చేసే షేక్

సంక్రాంతి దాటి పదో తరగతి పరీక్షలు దగ్గర పడేకొద్దీ మా పిల్లల ఓ.పి.లో ఒకే ప్రశ్న మళ్ళీ మళ్ళీ వినబడుతుంది. "సిస్టరమ్మా, మావాడు చదివింది చదివినట్టే మర్చిపోతున్నాడు. జ్ఞాపకశక్తి పెరగటానికి ఏ డబ్బా కొనమంటారు?" కొందరు తల్లులు అప్పటికే కొనేసి, ఖాళీ అయిన డబ్బాను సంచిలోంచి తీసి చూపిస్తారు. ఈపూరులోను, బొల్లాపల్లి, శావల్యాపురం వైపు ఊళ్ళలోను అవి మిరప కోతల రోజులు. తల్లి తెల్లవారకముందే కూలికి వెళ్ళిపోతుంది. పిల్లవాడు లేచి, టీ తాగి, రెండు బిస్కెట్లు తిని బడికి పోతాడు. ఆ టీకి బదులు డబ్బాలోని పొడి కలిపిన పాలు తాగితే మార్కులు వస్తాయని ఆ తల్లి ఆశ. కాయలు కోసి సంపాదించిన కూలి డబ్బులు దానికి పోతున్నాయి.

ఆ ఆశను మేము తేలికగా తీసివేయము. పిల్లవాడి ఆకలికీ చదువుకూ సంబంధం ఉన్నదని ఆ తల్లికి తెలుసు, అది నిజమే. కాని డబ్బాలో ఏముందో, మన వంటింట్లో ఏముందో పక్కపక్కన పెట్టి చూస్తే ఆ డబ్బు ఎటు పోవాలో తెలుస్తుంది.

పెద్దవారిలో మెదడు బరువు శరీర బరువులో 2 శాతమే. అయినా మనం ఖర్చు చేసే శక్తిలో 20 శాతం దాకా అదే వాడుకుంటుంది. నాలుగైదేళ్ళ పిల్లల్లో అయితే రోజు మొత్తం శక్తిలో 40 శాతం పైగా మెదడుకే పోతుంది. రెండేళ్ళు నిండేసరికి మెదడు పెద్దవారి మెదడులో 80 శాతం పరిమాణానికి చేరుతుంది. రాత్రి ఎనిమిదింటికి తిన్న పిల్లవాడు మర్నాడు మధ్యాహ్న భోజనం దాకా సరైన తిండి లేకుండా ఉంటే, అవి పదహారు గంటలు. మూడో పీరియడ్‌లో పంతులుగారు చెప్పింది వాడి చెవిలో పడకపోతే ఆశ్చర్యం ఏముంది? అది తెలివి తక్కువ కాదు, కడుపు ఖాళీ.

ఈ విషయంలో మన తెలుగువారి మధ్యనే మంచి పరిశోధన ఒకటి జరిగింది. హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారు బడి పిల్లలను రెండు గుంపులు చేసి, 14 నెలల పాటు ఒక గుంపుకు విటమిన్లు, ఖనిజాలు కలిపిన పానీయం, రెండో గుంపుకు అవి లేని పానీయం ఇచ్చారు. ఫలితాలు 2006లో అచ్చయినాయి. విటమిన్లు అందిన పిల్లల్లో ఏకాగ్రత, అంటే ఒకే పని మీద మనసు నిలిపే శక్తి, బాగా మెరుగుపడింది. జ్ఞాపకశక్తిలో, తెలివితేటల పరీక్షలో, బడి మార్కులలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇది నిజాయితీగా వచ్చిన జవాబు. లోటు ఉన్నచోట లోటు తీరితే పిల్లవాడు కుదురుగా కూర్చుని వింటాడు. విన్నది చదువుకోవటం వాడి పని, చదివించటం మన పని. ఏ పొడీ ఆ పని చేసిపెట్టదు.

2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య మంత్రిత్వ శాఖ కూడా, ఆన్‌లైన్‌లో సరుకులు అమ్మే కంపెనీలు ఇలాంటి పానీయాలను "హెల్త్ డ్రింక్" అనే వర్గం నుండి తీసివేయాలని చెప్పింది. మన దేశపు ఆహార చట్టంలో "హెల్త్ డ్రింక్" అనే మాటకు నిర్వచనమే లేదు. కొన్నవారు ఒకసారి డబ్బా వెనుక చిన్న అక్షరాలు చదవండి. 100 గ్రాములలో చక్కెర ఎన్ని గ్రాములో ఉంటుంది. చాలా డబ్బాలలో ఆ అంకె చూసి మీరే ఆశ్చర్యపోతారు.

మరి ఇంట్లో ఏం చేయాలి?

ఇక్కడ మనం కొత్తగా కనిపెట్టవలసింది ఏమీ లేదు. అదే పోషకాహార సంస్థ వారు బలహీనమైన పిల్లల కోసం ఎన్నో ఏళ్ళ క్రితమే ఒక పొడి తయారు చేశారు. నర్సింగు చదివిన వాళ్ళందరికీ అది "హైదరాబాద్ మిక్స్" అనే పేరుతో పాఠంలో ఉంటుంది. గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16 గ్రాములు, వేరుశనగ గుళ్ళు 10 గ్రాములు, బెల్లం 20 గ్రాములు. మొదటి మూడింటిని వేయించి పొడి చేసి బెల్లం కలపటమే. ఆ 86 గ్రాములలో 330 కేలరీల శక్తి, 11 గ్రాముల పైన మాంసకృత్తులు ఉన్నాయి. ధాన్యంలో తక్కువైన మాంసకృత్తుల భాగాన్ని పప్పు పూడుస్తుంది, పప్పులో తక్కువైనదాన్ని ధాన్యం పూడుస్తుంది. ఈ కిటుకు మన పెద్దలకు పుస్తకం లేకుండానే తెలుసు.

మన పల్నాటికి గోధుమ కంటే రాగి, జొన్న, సజ్జ దగ్గరి చుట్టాలు. శ్రీనాథ కవి మన ప్రాంతపు జొన్నకూడును వెక్కిరించాడని చాటువులు చెప్పుకుంటారు గాని, ఈ రోజు పోషకాహార లెక్కలు చూస్తే ఆ కూడు తిన్నవాళ్ళే అదృష్టవంతులు. సాగర్ కుడి కాలువ నీళ్ళు వచ్చాక తెల్లబియ్యం ఇంటింటికీ చేరింది, రాగి సంకటి ముసలివాళ్ళ తిండి అయిపోయింది. 2023 మార్చిలో మన రాష్ట్ర ప్రభుత్వ బడులలో వారానికి మూడు రోజులు పిల్లలకు రాగి జావ ఇవ్వటం మొదలైనప్పుడు కొందరు పిల్లలు "ఇదేంటి, నల్లగా ఉంది" అని మొహం తిప్పుకున్నారు. అదే రాగి పిండిలో పాలు, అరటిపండు వేసి గిలకొట్టి, షేక్ అని గ్లాసులో పోసి ఇస్తే అడిగి తాగుతారు. పేరు మార్చటం మోసమేమీ కాదు. వినుకొండ బస్టాండులో డబ్బిచ్చి తాగే షేక్ కంటే ఇది ఎన్నో రెట్లు నయం. ఆ బండి మీది ఐసు ఏ నీళ్ళతో గడ్డకట్టిందో మనకు తెలియదు.

మొదట, పొద్దున్నే ఇల్లు వదిలి వెళ్ళే తల్లుల కోసం పొయ్యి అవసరం లేని పొడి చెబుతాము. గుల్ల శనగపప్పు, అంటే పుట్నాల పప్పు, 300 గ్రాములు, వేరుశనగ గుళ్ళు 200 గ్రాములు, నువ్వులు 100 గ్రాములు తీసుకోండి. అవిసె గింజలు దొరికితే 50 గ్రాములు కలపండి. (కూర వండుకునే అవిసాకు చెట్టు వేరు, ఈ గింజలు వేరు. కిరాణా కొట్టులో "ఫ్లాక్స్ సీడ్స్" అంటే ఇస్తారు. చెట్టు గింజలు కోసుకొచ్చి వేయకండి.) శనగపప్పు ఎటూ వేగినదే. గుళ్ళు, నువ్వులు, అవిసెలు విడివిడిగా సన్నని సెగ మీద వేయించి, పూర్తిగా చల్లారాక అన్నీ కలిపి మిక్సీ పట్టండి. ఆపి ఆపి పట్టాలి, లేకపోతే నూనె తేలి ముద్ద అవుతుంది. నాలుగు యాలకులు వేస్తే వాసన బాగుంటుంది. తడి లేని గాజు సీసాలో మూత గట్టిగా పెట్టి ఉంచండి. దీనితో ఇరవై గ్లాసుల పైన వస్తాయి, ఇద్దరు పిల్లలున్న ఇంటికి పది రోజులు. అంతకంటే ఎక్కువ ఒకేసారి చేయకండి, గింజల్లోని నూనె ముక్క వాసన వస్తుంది.

గ్లాసుకు మూడు పెద్ద స్పూన్ల పొడి, కాచి చల్లార్చిన పాలు 200 మిల్లీలీటర్లు, సగం అరటిపండు, ఒక చిన్న ముక్క బెల్లం. మిక్సీ ఉంటే మిక్సీ, కరెంటు లేకపోతే కవ్వం. అరటిపండును చేత్తో మెత్తగా మెదిపి కవ్వంతో చిలికితే చాలు. ఐదో తరగతి పిల్లలు కూడా తమకు తాము కలుపుకోగలరు. ఒక గ్లాసులో సుమారు 13, 14 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. ఏడు నుండి తొమ్మిదేళ్ళ పిల్లలకు రోజుకు కావలసినది 23 గ్రాములు. అంటే సగానికి పైగా పొద్దున్నే అందింది. ఆ తరువాత బడి భోజనం ఎలాగూ ఉంది.

రెండోది రాగి షేక్. రాగులను రాత్రంతా నానబెట్టి, పొద్దున నీళ్ళు వంచి, పలచని గుడ్డలో మూటకట్టి ఒక రోజు ఉంచితే తెల్లటి మొలకలు వస్తాయి. వాటిని నీడన ఆరబెట్టి, దోరగా వేయించి పిండి పట్టించండి. మొలక ఎందుకంటే, గింజలో ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్ అనే పదార్థం మొలకెత్తినప్పుడు తగ్గుతుంది. జావ కూడా అంటుకోకుండా పలచగా వస్తుంది. రెండు స్పూన్ల పిండిని ముందు చల్లనీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, పొయ్యి మీద ఐదారు నిమిషాలు తిప్పుతూ ఉడికించాలి. పచ్చి పిండిని పాలలో కలిపి తాగించవద్దు, కడుపునొప్పి, విరేచనాలు వస్తాయి. జావ చల్లారాక గ్లాసుడు పాలు, అరటిపండు గాని సపోటా గాని వేసి గిలకొట్టండి. 100 గ్రాముల రాగులలో 340 నుండి 360 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. మన ధాన్యాలలో దీనికి సాటి లేదు.

సజ్జలు ఎందుకు చెప్పలేదని అడుగుతారేమో. సజ్జల్లో ఇనుము రాగుల కంటే ఎక్కువే. కాని సజ్జపిండి నాలుగైదు రోజులకే చేదెక్కుతుంది, పొడిగా నిలవ ఉండదు. సజ్జలను రొట్టెగా, అప్పటికప్పుడు తినండి. బాదం, అక్రోటు మంచివే, ఉన్నవారు వేసుకోవచ్చు. లేనివారు వాటి కోసం అప్పు చేయనక్కరలేదు, మన వేరుశనగ, నువ్వులు వాటి పనిలో చాలా భాగం చేస్తాయి. అవిసె గింజల్లో ఒమేగా-3 కొవ్వు ఉంది. మెదడు వాడుకునే రకంగా అది మారేది మాత్రం కొంచెమే. ఆ రకం నేరుగా చేపల్లో దొరుకుతుంది. చేప తినే ఇళ్ళలో వారానికి ఒకటి రెండుసార్లు పులుసు పెడితే అవిసె గింజల కంటే మేలు.

ఇక కచ్చితంగా పాటించవలసినవి కొన్ని. వేరుశనగ గుళ్ళలో బూజు పట్టినవి, నల్లబడ్డవి, ముడుచుకుపోయినవి, చేదువి ఒక్కటి కూడా పొడిలోకి పోకూడదు. ఆ బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం కాలేయాన్ని పాడు చేస్తుంది, వేయించినా పూర్తిగా పోదు. వానకు తడిసిన కాయలు చవకగా వస్తున్నాయని పిల్లల పొడికి వాడవద్దు. ఐదేళ్ళ లోపు పిల్లలకు గుళ్ళు గుళ్ళుగా ఇవ్వకండి, గొంతులో అడ్డం పడి ఊపిరి ఆగే ప్రమాదం ఉంది. పొడి అయితే ఫరవాలేదు. మొదటిసారి వేరుశనగ గాని, నువ్వులు గాని తిన్న పిల్లవాడికి ఒళ్ళంతా దద్దుర్లు, పెదవుల వాపు, ఆయాసం వస్తే ఆ పదార్థం ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి. ఆరు నెలల దాకా తల్లిపాలే, నీళ్ళు కూడా వద్దు. ఆ తరువాత మొలకెత్తిన రాగి జావను చిక్కగా చేసి స్పూనుతో పెట్టాలి. ఏడాది నిండని బిడ్డకు గ్లాసుడు గేదె పాల షేక్ కాని, తేనె కాని వద్దే వద్దు.

షేక్ చేయలేని పని

కొందరు దీనినే రక్తం పట్టే మందుగా అనుకుంటారు. కాదు. పాలలోని కాల్షియం మనం తిన్న ఇనుమును ఒంటికి పట్టనివ్వదు, టీ ఇంకా ఎక్కువగా అడ్డుపడుతుంది. అందుచేత ఐరన్ మాత్రను ఈ షేక్‌తో మింగించవద్దు. పొద్దున షేక్ తాగితే, మాత్ర మధ్యాహ్నం భోజనం అయ్యాక మంచినీళ్ళతో వేయండి. భోజనంలో నిమ్మకాయ పిండుకున్నా, ఒక జామకాయ తిన్నా, ఉసిరికాయ పచ్చడి వేసుకున్నా ఇనుము బాగా పడుతుంది.

ఇంత పట్టుగా చెప్పటానికి కారణం ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఆరు నెలల నుండి ఐదేళ్ళ లోపు పిల్లల్లో 63 శాతం మందికి, 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో దాదాపు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువైన పిల్లవాడికి మెదడుకు చేరే ప్రాణవాయువు తగ్గుతుంది. పైగా మెదడు కణాల ఎదుగుదలకు ఇనుము నేరుగా అవసరం. మొదటి రెండేళ్ళలో కలిగిన లోటు వల్ల జరిగిన నష్టాన్ని తరువాత మాత్రలతో పూర్తిగా వెనక్కు తీసుకురాలేకపోవచ్చు. "చదువు రాదు, మొద్దు" అని ఇంట్లో తిట్లు తినే పిల్లలను ముందు కనురెప్ప కింద, అరచేతులలో చూడండి. తెల్లగా పాలిపోయి ఉంటే రక్త పరీక్ష చేయించండి. మట్టి, సుద్ద, బియ్యం తినే అలవాటు ఉన్నా అంతే. బడిలో వారానికొకసారి ఇచ్చే మాత్రలు, చిన్నవాళ్ళకు గులాబీ రంగువి, పెద్దపిల్లలకు నీలం రంగువి, పారేయకుండా మింగుతున్నారో లేదో అడగండి. ఏడాదికి రెండుసార్లు నులిపురుగుల మాత్ర కూడా ముఖ్యమే. మనం పోసిన షేక్ సగం నులిపురుగులు తాగేస్తే ఏం లాభం?

మెదడుకు అన్నిటికంటే ముందు మేలు చేయవలసిన సమయం బిడ్డ కడుపులో పడిన మొదటి నెల. బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం వచ్చిన 28 రోజులకే మూసుకుంటుంది. చాలామంది ఆడపిల్లలకు అప్పటికి నెల తప్పిన సంగతి కూడా సరిగా తెలియదు. ఫోలిక్ ఆమ్లం తక్కువైతే ఆ గొట్టం మూసుకోక, బిడ్డ వెన్నుపూస చీలికతో గాని, పుర్రె ఏర్పడకుండా గాని పుట్టవచ్చు. ముందే మాత్ర వాడితే ఇందులో ఎక్కువ భాగాన్ని ఆపవచ్చని 1991లో బ్రిటన్ వైద్య పరిశోధకులు నిరూపించారు. ఆ ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసిన బృందానికి నాయకత్వం వహించింది మన తెలుగువాడే. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. స్ప్రూ అనే జబ్బుకు తోడబుట్టినవాణ్ణి పోగొట్టుకున్న ఆయన, అమెరికాలో లెడర్లీ సంస్థలో పనిచేస్తూ 1945లో దానిని సాధించారు. అంతకు ముందే 1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే వైద్యురాలు బొంబాయి మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను ఈస్టు రసంతో నయం చేసి, ఈ విటమిన్ ఉన్నదని దారి చూపారు. ఆకులో ఉండేది కనుక లాటిన్‌లో ఆకు అనే మాట నుండి ఆ పేరు పెట్టారు. తోటకూర, పాలకూర, పప్పులు, మన పొడిలోని వేరుశనగ, అన్నిటిలోనూ ఫోలేట్ ఉంది. అయినా కొత్తగా పెళ్ళయిన ఆడపిల్లకు షేక్ సరిపోదు. బిడ్డ కావాలనుకున్నప్పటి నుండే మాత్ర మొదలు పెట్టాలి. అత్తగార్లూ, కోడలికి మీరే గుర్తు చేసి వేయించండి.

అయోడిన్ సంగతి ఒక్క మాట. అది తల్లికి తక్కువైతే బిడ్డ మెదడు ఎదుగుదలే కుంటుపడుతుంది. అయోడిన్ లేని ఉప్పును తిండికి అమ్మటం 2006 మే నుండి మన దేశంలో నిషేధం. అయినా పచ్చళ్ళకని కొన్న గళ్ళుప్పునే కూరల్లోనూ వాడే ఇళ్ళు ఉన్నాయి. ప్యాకెట్ మీద అయోడైజ్డ్ అని చూసి కొనండి, మూత ఉన్న డబ్బాలో, పొయ్యికి దూరంగా పెట్టండి.

పెద్దవాళ్ళ మతిమరుపుకు కూడా ఇదే షేక్ పనికివస్తుందా అని చాలామంది అడుగుతున్నారు. పళ్ళు లేక అన్నం నమలలేని తాతయ్యలకు, నాయనమ్మలకు రాగి షేక్ మంచి ఆహారం. షుగర్ ఉన్నవారికి బెల్లం, అరటిపండు లేకుండా పలచగా, మజ్జిగతో ఇవ్వండి. బెల్లం షుగర్‌ను పెంచదు అనే మాట మన ఊళ్ళలో గట్టిగా పాతుకుపోయింది. అది అబద్ధం. కాని మతిమరుపు దేనివల్ల వచ్చిందో ముందు చూడాలి. బి12 విటమిన్ తక్కువైనా, థైరాయిడ్ మందగించినా మతిమరుపు వస్తుంది, వాటిని సకాలంలో పట్టుకుంటే చాలావరకు బాగుపడుతుంది. పాలు, గుడ్డు, చేప, మాంసంలోనే బి12 ఉంటుంది. ఏళ్ళ తరబడి మెట్‌ఫార్మిన్ మాత్ర వాడే షుగర్ రోగులలో అది తగ్గుతుంది. అలాగని మాత్ర మీ అంతట మీరు ఆపకండి, బి12 పరీక్ష చేయించమని వైద్యులను అడగండి. లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల బృందం 2024లో 14 కారణాలను చెప్పి, వాటిని సరిచూసుకుంటే దాదాపు 45 శాతం మతిమరుపు జబ్బును ఆపటమో, వెనక్కు నెట్టటమో సాధ్యమని అంచనా వేసింది. బి.పి., షుగర్, పొగతాగటం, వినికిడి లోపం, చూపు మందగించటం, ఒంటరిగా ఉండటం అందులో ఉన్నాయి. చెవులు వినబడక పక్కకు కూర్చున్న పెద్దాయనకు మతి పోయిందని ఇంట్లోవాళ్ళు అనుకోవటం మేము తరచు చూస్తుంటాము.

పెద్దవాళ్ళను చూపించటానికి తెచ్చేవారు ఒక పని చేయండి. ఇంట్లో వాళ్ళు వాడుతున్న మాత్రల అట్టలు, ఆకు మందులు, ఆర్‌.ఎం.పి. గారిచ్చిన పొట్లాలతో సహా, అన్నీ ఒక సంచిలో వేసి తీసుకురండి. ఎప్పటి నుండి మరిచిపోతున్నారో, ఏం మరిచిపోతున్నారో చెప్పగలిగిన మనిషి వెంట రావాలి.